గున్నేశ్వరరావుగారి కొత్త మొహం

నిడదవోలు బట్టల కొట్టు గున్నేశ్వరరావుగారికి దేంట్లోనైనా తనే ముందుండాలి. పెళ్లిభోజనాల్లో మొదటి బంతిలో మొదటి విస్తరి ఆయనది. రైల్వే గేటు పడితే బళ్లన్నిటినీ తప్పించుకుంటూ పోయి, స్కూటరు ముక్కు గేటుకి ఆనిస్తే గానీ ఆయనకి ఊపిరాడదు. కరోనా టీకాలు వచ్చినప్పుడు, ఇంకా తలుపులు తీయకముందే చొక్కా చెయ్యి పైకి మడిచి ఆస్పత్రి మెట్ల మీద కూర్చున్నారు. ఒకసారి ఎవరిదో శవయాత్రలో కూడా అందరికన్నా ముందు నడుస్తుంటే, పోయినాయన కొడుకులు కండువా పట్టుకుని వెనక్కి లాగారట.

"అదేం జబ్బండీ మీకు?" అని భార్య జగదాంబ కాపురానికొచ్చిన నాటినుంచీ అడుగుతూనే ఉంది.

"వెనకుంటే ముందువాడి వీపు తప్ప ఏం కనబడుతుందే?" అనేవారాయన.

ఆ ఇంట్లో ఈ తొందర అంటనిది ఆయన అక్క అచ్చాయమ్మగారికే. భర్త పోయాక ఆవిడ తమ్ముడి దగ్గరే ఉంటున్నారు. వయసుతో ఆవిడ పైరెప్పలు రెండూ వేలాడి, సగం తీసిన కొట్టు షట్టర్లలా కళ్లకి అడ్డం పడ్డాయి. ఎవరినైనా చూడాలంటే తల బాగా వెనక్కి ఎత్తాలి. తెలియనివాళ్లు ఆవిడకి పొగరనుకునేవారు. పేపరు చదవాలంటే ఒక చేత్తో పేపరు, ఇంకో చేత్తో రెప్పా పట్టుకోవాలి. ఆ అవస్థ పడలేక పేపరు మానేశారు. ఒకనాడు వరండా మెట్టు కనబడక పడి మణికట్టు వాచింది కూడా. చిన్న ఆపరేషనుతో పోతుందని కంటి డాక్టరు చెబితే ఆవిడ ఒకటే మాట అన్నారు.

"మొగుడు పోయినదానికి ఇప్పుడు మొహానికి సోకులేంటని నలుగురూ నవ్వరూ? నాకొద్దురా."

ఆ మాట అంతటితో ఆగిపోయింది. మరో నెల గడిచాక, ఒకరోజు పెసరట్టు తింటూ గున్నేశ్వరరావుగారు ప్రకటించారు.

"జగదా, నేను మొహం బాగుచేయించుకుంటున్నాను."

"క్షౌరానికి చెప్పి వెళ్లాలా?"

"క్షౌరం కాదే, ఆపరేషను. రెప్పల మీద వేలాడే చర్మం తీసేస్తారు. దవడలు పైకెత్తుతారు. రాజమండ్రిలో చేస్తున్నారు."

పెనం మీద రెండో అట్టు మాడిపోతున్నా జగదాంబకి తెలియలేదు. "ఈ వయసులో ఎవరికోసమండీ?"

"మన బజారులో ఇంతవరకు ఎవరూ చేయించుకోలేదు" అన్నారాయన, చట్నీ ఇంకొంచెం వేసుకుంటూ.

ఆ మాట వినగానే జగదాంబకి ఒళ్లు మండింది. మనసాగక పక్కింటి దుర్గాశ్రీకి చెప్పుకుంది. దుర్గాశ్రీకి చెప్పాక ఇంక మిగతావాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. సాయంత్రానికి కొట్లోకి వచ్చినవాళ్లు చీరల వంక కాక ఓనరు వంక చూడడం మొదలెట్టారు. "పెళ్లికొడుకుగారూ" అని పిలిచినవాడు ఒకడు. శుభలేఖలు ఎక్కడ అచ్చు వేయిస్తున్నారని అడిగినవాడు ఇంకొకడు. ఆయన అందరికీ నవ్వుతూ తారీఖు చెప్పారు.

రాజమండ్రి డాక్టరు ఉదయ్‌భాస్కర్ నెమ్మదస్థుడు. అద్దం చేతికిచ్చి అన్నీ విడమరిచి చెప్పాడు.

"పూర్వం చర్మం పట్టి లాగేవారండి. మొహం తప్పెటలా బిగిసిపోయేది. ఇప్పుడు చర్మం కింద ఉండే పొరని సర్ది, చర్మాన్ని లాగకుండా పైన పరుస్తాం. గాట్లు చెవి మడతలోనూ, రెప్ప మడతలోనూ కలిసిపోతాయి. చేయించుకున్నట్టు తెలియదు."

"తెలియదా?" గున్నేశ్వరరావుగారి మొహం వాడిపోయింది. "కొంచెమైనా తెలియాలి కదండీ."

డాక్టరు నవ్వి అద్దం వెనక్కి తీసుకున్నాడు.

డాక్టరు అన్నట్టే అయింది. వాపులు, నల్లమచ్చలు ఉన్నన్నాళ్లూ గున్నేశ్వరరావుగారు ఊరంతా తిరిగి చూపించుకున్నారు. అవి తగ్గి నల్లకళ్లజోడు తీశాక, మొహం ఆయనదే. కాకపోతే మంచి రోజున ఉన్న ఆయన మొహం. కొట్టుకొచ్చిన ప్రతివాడికీ గెడ్డం పైకెత్తి పరీక్ష పెట్టేవారు.

"ఏం తేడా కనబడుతోంది?"

"బాగా నిద్రపట్టినట్టుందండి" అన్నాడు రైసుమిల్లు చంద్రరావు.

"షుగరు తగ్గిందాండీ?" అంది ఒకావిడ.

"మీసం తీసేశారా?" అన్నాడు పుట్టి బుద్ధెరిగాక ఏనాడూ మీసం లేని ఆయన్ని చూసి, సొంత బావమరిది.

ఇంక లాభం లేదని ఆయన చెవి ముందుకి మడిచి, "ఇదిగో, ఇక్కడ కోశారు, దగ్గరికొచ్చి చూడవయ్యా" అని బతిమాలేవారు. చీర బేరమాడుతున్నవాళ్లు బేరం ఆపి చెవి చూసేవాళ్లు. చూసి కడుపుబ్బ నవ్వుకుంటూ పోయేవాళ్లు. జగదాంబ మాత్రం తలెత్తుకోలేక గుడికి వెళ్లడం కూడా మానేసింది.

రోజులు గడిచేకొద్దీ చెవి చూడని మనిషి ఊళ్లో మిగలలేదు. నవ్వినవాళ్లకే విసుగొచ్చింది. అప్పుడొక మధ్యాహ్నం అచ్చాయమ్మగారు తల వెనక్కి ఎత్తి తమ్ముడిని అడిగారు.

"ఏరా, నొప్పేసిందా?"

"మత్తిస్తారక్కా. తర్వాత రెండ్రోజులు సలుపుతుంది. మాత్రలేసుకుంటే తగ్గిపోతుంది."

"ఇంకా నవ్వుతున్నారా నిన్ను?"

"ఈమధ్య మానేశారు. ఇప్పుడందరూ చంద్రరావు పెట్టుకున్న కొత్త విగ్గు చూసి నవ్వే పనిలో ఉన్నారు."

ఆవిడ చేత్తో రెప్ప పైకెత్తి తమ్ముడి మొహం చూశారు. "అయితే నన్నూ తీసుకెళ్లరా."

ఆవిడ రెప్పల ఆపరేషను అయిందని తెలిసి దుర్గాశ్రీ సైతం, "మీరూ చేయించేసుకున్నారా పిన్నిగారూ? మంచిపని" అని చారు పంపింది. అంతే. ఊరు ఆ సంగతి పట్టించుకోనేలేదు.

కుట్లు తీయించడానికి ముగ్గురూ కారులో రాజమండ్రి వెళ్లారు. అచ్చాయమ్మగారిని నర్సు లోపలికి తీసుకెళ్లింది. డాక్టరు బయటికొచ్చి గున్నేశ్వరరావుగారి భుజం తట్టాడు.

"ఇప్పటికైనా నామీద కోపం పోయిందాండీ? 'అందరూ నవ్వేలా కాస్త ఎక్కువ బిగించండి, ఊరు నవ్వి నవ్వి విసుగెత్తితే అది చూసి మా అక్క ధైర్యం తెచ్చుకుంటుంది' అని ఆనాడు మీరన్నారు. నాకు చేతకాలేదు. మీ తంటాలేవో మీరే పడ్డారు."

గున్నేశ్వరరావుగారు గోడమీద క్యాలెండరు వంక చూశారు. డాక్టరు వెళ్లిపోయాక జగదాంబ మొగుడి వైపు తిరిగింది.

"నాతో ఒక్కముక్క చెప్పొచ్చుగా?" అంది.

"చెబితే నువ్వు దుర్గాశ్రీకి చెప్పవు. నువ్వు చెప్పకపోతే ఊరెలా నవ్వుతుంది?"

జగదాంబకి ఏడుపు రాబోయి నవ్వొచ్చింది. కొంగు నోటికడ్డం పెట్టుకుని బెంచీ మీద కూర్చుండిపోయింది.

తిరుగుప్రయాణంలో అచ్చాయమ్మగారు కిటికీ పక్కన కూర్చున్నారు. వంతెన దాటేదాకా గోదావరి నీళ్లవంకే చూశారు. కొవ్వూరు రాగానే మొదలెట్టారు. "శ్రీ వెంకటేశ్వరా ఎరువులు, పురుగుమందులు." "ఇచ్చట టెంటుసామాన్లు అద్దెకివ్వబడును." "మొలలకు ఆపరేషను లేకుండా వైద్యం." తల ఎత్తకుండా, రెప్ప పట్టుకోకుండా, దారిలో ఉన్న బోర్డులన్నీ పైకి చదువుతున్నారు. సగం చదివేసరికి ఒక పెద్ద బోర్డు వెనక్కి పోయింది. ఆవిడ మెడ తిప్పి దానికోసం చూశారు.

గున్నేశ్వరరావుగారు ముందుకి వంగి డ్రైవరు భుజమ్మీద చెయ్యేశారు.

"కొంచెం నెమ్మదిగా పోనీవయ్యా. మా అక్క చదువుకుంటోంది."