వంచి పెంచిన పుంటికూర

ఇది రాజును ఎదిరించిన ఒక వీరుడి గాథ. అంటే, రాజు మా క్యాంప్ బాస్, యుద్ధం ఒక ఆకుకూర మొక్క కోసం. గాథ అనే మాట వెనక్కి తీసుకుంటున్నాను.

చమురు డబ్బుతో దోహా పైకి లేస్తున్న రోజులు. మెసైమీర్ కూలీల క్యాంపులో, మా గదిలో పెద్దాయన్ని అందరం కాక అనేవాళ్లం. కాక సైట్లో ఇనుప కడ్డీలు కట్టేవాడు. గదిలో చెప్పు తెగినా, తలుపు ఊగినా బైండింగ్ వైరుతో అదే ముడి వేసేవాడు. కిటికీ కింద నూనె డబ్బాలో పుంటికూర, అంటే గోంగూర, పెంచాడు. క్యాంపులో మొక్కలు పెంచకూడదు. అదేమో గోడ దాటేలా ఉంది. తల తుంచమన్నాం.

"తల తుంచుడు మనతోని గాదు బిడ్డా, వంచుదాం" అన్నాడు.

ఒక్కో కొమ్మనూ పక్కకు వంచి వైరుతో కట్టాడు. మొక్క స్లాబుకు పరిచిన ఇనుపజాలిలా తయారైంది.

ఇంత శ్రద్ధ, పైగా వేళ్లలా చీలిన ఆకు. బాస్ చూసి గంజాయి అనుకున్నాడు. పీకకపోతే పోలీసుల్ని పిలుస్తానని హిందీలో అరిచాడు. ఇక్కడ గంజాయంటే జైలే.

కాక మొక్కకు అడ్డంగా కూర్చున్నాడు. "పిలువుమను. ఆళ్లకు గూడ వండిపెడ్త. నేనైతే పీకేది లేదు."

వంట సంగతి వదిలేసి, మిగతాది నేను హిందీలో చెప్పాను. కాక ఒక ఆకు తెంపి బాస్ చేతిలో పెట్టాడు. ఆయన నమిలాడు. పులుపుకు కళ్లు గట్టిగా మూసుకుని, పోనీ అన్నట్టు చెయ్యి ఊపి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం విజయోత్సవంగా ఆకంతా కోసి వండాం. పుంటికూర ఉడికితే బాగా తగ్గిపోతుంది. గదిలో ఆరుగురికీ తలా ఒక ముద్దకే వచ్చింది.