జార్జియాలో మామా ఎవరు?

అంకాలమ్మ అంటే పుల్లంపేటలో ఎవరికీ ఠక్కున గుర్తురాదు. అనుమానాల అంకాలమ్మ అంటే మాత్రం పసిపిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు. కొత్తిమీర కట్ట కొన్నా విప్పి, లోపల గడ్డి పెట్టి చుట్టినారేమోనని చూసే మనిషి ఆమె. అట్లాంటి మనిషి బతుకులో ఒకే ఒక్కసారి ఒకడి మాట నమ్మింది. "కువైట్లో ఆస్పత్రి పనిమ్మా, ఆయమ్మ ఉద్యోగం, డాక్టర్లు కూడా మర్యాదగా మాట్లాడతారు" అని ఏజెంటు చెబితే నమ్మి విమానమెక్కింది. దిగినాక చూస్తే ఆస్పత్రీ లేదు, వాడి తలకాయా లేదు. ముబారక్ అల్ కబీర్‌లో మూడంతస్తుల ఇల్లు, అందులో తొమ్మిది మంది మనుషులు, ఐదు బాత్రూములు!

అప్పటికే ఊరంతా డప్పు కొట్టి వచ్చింది పాపం. అన్నిటికంటే పెద్ద చిక్కు, ఎనిమిదేండ్ల కూతురు వెంకటేశ్వరికి చెప్పి వచ్చింది. మొదటి లీవుకు పోయినప్పుడు మొగుడు చిన్నపుల్లయ్యకు నిజం చెప్పి ఏడ్చింది గానీ, పాపకు చెప్పడానికి నోరు రాలేదు. "మా అమ్మ కువైట్ ఆస్పత్రిలో చేస్తాది" అని ఆ పిల్ల బడంతా చెప్పుకుని తిరుగుతాంటే ఏ తల్లికి నోరొస్తాది చెప్పండి?

తర్వాత వీడియో కాల్ అనే పాడు సదుపాయం వచ్చింది. అంకాలమ్మ దానికీ ఒక ఉపాయం కనిపెట్టింది. ఆ ఇంట్లో బట్టలుతికే గదికి పైదాకా తెల్ల టైల్సు. దానికి తోడు ఆ ఇంటివాళ్ళిచ్చిన లేతనీలం యూనిఫారం. గోడకు వీపు ఆనించి, ఫోను మొహానికి దగ్గరగా పెట్టుకుని "ఇదే మా వార్డు పాపా" అనేది. ఇంటి యజమానురాలు పిలిచిందా, బొటనవేలితో ఫోను మైకు మూసి "జేన్ మామా", అంటే సరే మామా అని పలికి, "డాక్టరమ్మ పిలుస్తాంది" అని కాల్ కట్ చేసేది. కువైట్లో పనిమనుషులు యజమానురాల్ని మామా అనే పిలవాల. పద్నాలుగేండ్లుగా రోజుకు వందసార్లు అన్న మాటే. ఒక్కసారి కూడా పాప చెవిన పడలేదని అంకాలమ్మకు మహా ధీమా.

ఇప్పుడా పాప జార్జియాలో డాక్టర్ చదువు నాలుగో సంవత్సరం. అమెరికాలో ఉండే జార్జియా కాదు, రష్యా కింద ఉండే దేశం. ఆ ముక్క కూడా మ్యాపులో వేలు పెట్టి చూపించేదాకా అంకాలమ్మ నమ్మలేదు. నమ్మినాక మాత్రం తన చాకిరీ మొత్తం తెచ్చి ఆ చదువులోనే పోసింది. ఆమె మొక్కు ఒక్కటే. పాప డాక్టరు కావాల, ఎవర్నీ మామా అని పిలవకుండా బతకాల.

నెల రోజులుగా ఆ మొక్కు మీదే దెబ్బ పడినట్టుంది.

మొదట గోడ. ఇదివరకు పాప ఫోను చేస్తే వెనకాల హాస్టలు మంచం, పుస్తకాలు, ఆరేసిన చున్నీలు కనిపించేవి. హాస్టలు వదిలి ఎవరింట్లోనో పైభాగంలో గది తీసుకున్నాక, సాయంత్రం చేసే కాల్‌లో ఎప్పుడు చూసినా తెల్లగోడ. ఫోనేమో మొహానికి దగ్గరగా. తెల్లగోడ ముందర నిలబడి ఫోన్ ఎట్ల మాట్లాడతారో అంకాలమ్మకు తెలిసినంతగా భూమ్మీద ఇంకెవరికి తెలుసు!

రెండోది చేతులు. ఒకరోజు పాప జుట్టు సరిచేసుకుంటాంటే కనపడినాయి. చర్మం ఎండిపోయి, వేళ్ళ సందుల్లో పొరలు లేస్తాండాయి. అంకాలమ్మ తన చేతులు చూసుకుంది. బాత్రూములు కడిగే క్లోరాక్స్ తిన్న చేతులు. రెండూ ఒకటే మాదిరి ఉండాయి.

శుక్రవారం సగంరోజు సెలవు దొరికితే రిగ్గైలో ఉండే కరుణమ్మ గదికి పరిగెత్తింది. కరుణమ్మది అమలాపురం వైపు, ఒక ఆస్పత్రిలో నర్సు. అసలుసిసలు ఆస్పత్రిలో, అసలుసిసలు నర్సు. ఊర్లో చెప్పే ఆస్పత్రి కబుర్లన్నీ అంకాలమ్మ ఈమె దగ్గరే ఏరుకునేది.

"సిస్టరూ, పాప కాలేజీ మానేసినట్టుంది. యాడనో ఇంటి పనికి కుదిరింది" అని బావురుమంది.

"ఊరుకో అంకాలమ్మా! గోడ తెల్లగా ఉంటే పనిమనిషైపోద్దేంటి? మా ఆస్పత్రి నిండా తెల్లగోడలే" అని కసిరింది కరుణమ్మ. "అంత ఇదిగా ఉంటే ఓ ప్రశ్న అడుగు. పక్షవాతం రోగిని ఎంతసేపటికోసారి పక్క తిప్పాలని అడుగు. చదివే పిల్లయితే టక్కున చెప్పేత్తాది."

మరుసటి రోజు అంకాలమ్మ ఏమీ ఎరగనట్టు అడిగింది. "పాపా, మా వార్డులో ఒక ముసలామెకు కాలూ చెయ్యీ పడిపోయినాయి. ఎంతసేపటికొకసారి పక్క తిప్పాల?"

"రెండు గంటలకొకసారి మా" అనింది వెంకటేశ్వరి వెంటనే. "పక్కకు తిప్పినాక మోకాళ్ళ మధ్యలో దిండు పెట్టాల. దుప్పటి ముడతల్లేకుండా లాగాల, లేకుంటే నడుం దగ్గర ఒరుసుకుపోతాది."

ఆ జవాబు విని కరుణమ్మ ఫోన్లో చప్పట్లు కొట్టింది. "పాస్! ఫస్ట్ క్లాసులో పాస్!"

అంకాలమ్మకు మాత్రం కాళ్ళకింద నేల కదిలింది. రెండు గంటలని పుస్తకం చెబుతాది. దుప్పటి ముడత ఒరుసుకుంటాదని ఏ పుస్తకం చెబుతాది? చేసిన చేతులు చెప్పాల. ఈ ఇంటి ముసలామెను ఐదేండ్లు అట్లనే తిప్పింది కాబట్టి అంకాలమ్మకు తెలుసు. అంటే పాప ఎవర్నో తిప్పుతాండాది. ఎవరింట్లోనో ముసలోళ్ళను కడిగి తుడుస్తాండాది. ఓరి దేవుడా, నా తలరాతే నా బిడ్డకూ రాసినావా అని ఆ రాత్రంతా దిండు తడిపింది.

గురువారం సాయంత్రం నాలుగింటికి, బట్టలుతికే గదిలో గుట్టగా పడి ఉండే దిష్‌దాషాలకు, అదే ఆ ఇంటి మగవాళ్ళ పొడుగు అంగీలకు, ఇస్త్రీ చేస్తాంటే కాల్ వచ్చింది. మళ్ళీ అదే తెల్లగోడ. మాటల మధ్యలో పాప వెనక నుంచి ఎవరిదో బొంగురు గొంతు వినపడింది. పాప తల తిప్పి ఏదో అర్థంకాని భాషలో జవాబిచ్చింది. అంతా అర్థం కాకపోయినా చివరి మాట చెవిలో సూది మాదిరి దిగింది.

"మామా."

అంకాలమ్మ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి టైల్సు గోడకు ఆనుకుంది.

"నిజం చెప్పు. ఎవరింట్లో చేస్తాండావు?"

"చేసేదేంది మా?"

"పని! పాచి పని! కాలేజీ ఎప్పుడు ఎగ్గొట్టినావే? నేనీడ నడుములు విరగ్గొట్టుకునేది నువ్వు ఇంకొకరి ముడ్డి కడిగేదానికా? నాయనకు చెప్పి రేపే టికెట్ తీపిస్తా, ఇంటికొచ్చేయ్. చదువూ వద్దు, సంకటీ వద్దు. ఖలాస్!"

అటువైపు ఫోను మెల్లగా తిరిగింది. గోడ పోయి గది కనిపించింది. కిటికీ పక్కన మంచం, మంచంలో ఎర్రటి ముక్కు, తెల్లగడ్డం ఉండే ముసలాయన. ఎడమచెయ్యి దుప్పటి మీద కదలకుండా పడి ఉంది. మోకాళ్ళ మధ్య దిండు.

"మా ఇంటి ఓనరమ్మ నాయన. పక్షవాతం" అనింది వెంకటేశ్వరి. "ఈడ రోగులకు ఇంగ్లీషు రాదు మా. వాళ్ళ భాష రాకుంటే నొప్పి యాడుందో ఎట్ల అడిగేది? అందుకే రోజూ కాలేజీ నుంచి వచ్చినాక గంటసేపు కింద ఈయన దగ్గర కూచుని మాటలు నేర్చుకుంటా. బీపీ చూస్తా, పక్క తిప్పుతా. ఆయన మంచం నీకు కనపడకూడదనే గోడ ముందర నిలబడి ఫోన్ చేస్తా. ఈ భాషలో మామా అంటే నాయన. ఇంట్లో అందరూ అట్లనే పిలుస్తారు, నేనూ పిలుస్తా."

"నాయన్ని పట్టుకుని మామా అనే దేశం ఉంటాదా? ఎవరికి చెబుతావే?"

పాప మెడలో కాలేజీ కార్డు తీసి కెమెరా ముందర పెట్టింది. పక్కనే ఉండే తెల్లకోటు చూపించింది. వార్డులో గంటకు పదిసార్లు మందు నీళ్ళతో కడిగి పాడైన చేతులు చూపించింది. అంకాలమ్మ కార్డులో తేదీ కూడా రెండుసార్లు చదివించింది. అప్పుడు గానీ ఊపిరి కిందికి దిగలేదు.

"సరే మా, ఒకటి అడుగుతా" అనింది పాప. "మామా అంటే నీకెందుకంత భయం? నువ్వు చేసేది ఆస్పత్రిలో గదా?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టయింది. పద్నాలుగేండ్లు దాచిన గుట్టును అంకాలమ్మ తన నోటితోనే బయటేసుకుంది. టైల్సు గోడకు ఇంకా గట్టిగా ఆనుకుంది.

"ఏడో తరగతి నుంచి తెలుసులే మా" అనింది వెంకటేశ్వరి మెల్లగా. "నీ బొటనవేలు చిన్నది, మైకు పూర్తిగా మూయలేదు. మన వీధిలో ఇంటికొకరు కువైట్లో ఉండారు. మామా అంటే ఎవరో ఒకటో తరగతి పిల్లోల్ని లేపి అడిగినా చెబుతారు. నువ్వు చెప్పిన ఆస్పత్రి యాడా లేదని తెలిసినాక మూడు రోజులు అలిగినా. తర్వాత, పోనీ నేనే ఒకదాంట్లో చేరుదాం, మా అమ్మ మాట అబద్ధం కాకూడదు అనుకుంటి."

అంకాలమ్మకు ఏడుపు ఆగలేదు. సిగ్గూ సంతోషమూ కలిసి వచ్చిన ఏడుపు అది. యూనిఫారం కొంగుగా పట్టుకుందామని చూసింది, దానికి కొంగు యాడుంటాది, మోచేత్తో తుడుచుకుంది.

అంతలో యాడుండావు, తొందరగా రమ్మని కింది నుంచి యజమానురాలి కేక. "అంకా! వేన్ ఇంతీ? యల్లా!"

అలవాటుగా బొటనవేలు మైకు మీదికి పోయింది.

"మూయొద్దు మా" అనింది పాప.

అంకాలమ్మ వేలు తీసింది. తలుపు వైపు తిరిగి గొంతెత్తి, "జేన్ మామా!" అని పలికింది.

ఆ పిలుపు ఫోన్లోంచి పోయి జార్జియాలో మంచం దాకా వినపడింది. ముసలాయన దిండు మీది నుంచి తల ఎత్తి, కళ్ళు చికిలించి, ఫోను వైపు చూస్తా ఏదో అన్నాడు.

"ఏమంటాండాడు?"

"పిలిచినావు గదా, పలుకుతాండాడు" అనింది వెంకటేశ్వరి. "ఏం బిడ్డా, అని అడుగుతాండాడు. నిన్నే మా."

కింది నుంచి ఇంకో కేక వచ్చింది. అంకాలమ్మ కదల్లేదు. పద్నాలుగేండ్లుగా పిలుస్తాండాది, ఆ పిలుపుకు ఎవరైనా అట్ల పలకడం ఇదే మొదలు.

"ఏం లేదని చెప్పు పాపా" అనింది చివరికి. "ఊరికే పిలిచినానని చెప్పు."