జూలై ఒకటిన పుట్టిన ఐదుగురు

ఎనిమిది మంది ఆడవాళ్ల విదేశీ ప్రయాణాన్ని ఒక్క నిజంతో ఎలా ముంచవచ్చో తెలుసుకోవాలంటే ఇది శ్రద్ధగా చదవండి. ముంచింది నేనే. పట్టిన సమయం నాలుగు నిమిషాలు. వీసా ఆఫీసు గోడ గడియారం చూసి మరీ చెబుతున్నాను.

మాది తోటపల్లి గూడూరు దగ్గర పల్లె. మా చర్చి స్త్రీల సమాజం కోలాటం వేస్తుంటే ఎవరో ఫోన్లో తీసిన వీడియో చూసి, ఐరోపాలో ఒక చిన్న దేశంవాళ్లు జానపద ఉత్సవానికి పిలిచారు. పదిహేను రోజుల తాత్కాలిక వీసా. ఆడి, తిని, తిరిగి రావాలి. కోలాటానికి జతలుండాలి గనక ఒక్కరికి వీసా రాకపోయినా మిగతా ఏడుగురి ఆటా ఆగినట్టే.

నా జత మా ఆడబిడ్డ సుగుణ. రొయ్యల షెడ్డులో పనికి సెలవు చెప్పి, మే నెల ఎండలో నెల్లూరు బజారంతా తిరిగి స్వెట్టరు కొన్నది. తొడుక్కుని, చెమటతో తడిసి ముద్దయి, "ఇంక నన్ను ఆపేవాళ్లు లేరు వదినా" అన్నది. ఆపే మనిషి పక్కనే కూర్చుందని పాపం తెలియదు.

చెన్నై వీసా ఆఫీసులో ఎనిమిది మందినీ ఒకే కిటికీ ముందు నిలబెట్టారు. లోపల తెల్లదొర, ఆయన మాటలు తెలుగులో చెప్పడానికి ఒక అమ్మాయి.

"మీ పుట్టిన తేదీ చెప్పండమ్మా."

నేను కళ్లజోడు సర్దుకుని, "పాస్‌పోర్టులోదా, నిజమైనదా?" అన్నాను.

వెనక సుగుణ నా కొంగు లాగింది. విదిలించుకున్నాను.

"రెండున్నాయా?"

"మరి! బళ్లో చేర్చేటప్పుడు హెడ్మాస్టరుగారు జూలై ఒకటని రాసేసినారు. నేను పుట్టింది అంతకు ముందు సంవత్సరం మార్చి పందొమ్మిది. తేడా ఒక ఏడాది, మూడు నెలలు, పన్నెండు రోజులు."

ఇక్కడ ఆగి ఉంటే నేనొక్కదాన్నే మునిగేదాన్ని. కానీ దొర మిగతా కాగితాలు తిరగేసి కనుబొమలెత్తాడు.

"మీలో ఐదుగురు జూలై ఒకటినే పుట్టారే!"

"అంతా హెడ్మాస్టరుగారి చలవమ్మా. ఆయన లెక్కే నిజమైతే, ఏటా ఆ రోజున మా ఊరి మంత్రసానికి మంచినీళ్లు తాగే తీరిక ఉండేది కాదు."

"అసలు తేదీలకు రుజువుందా?"

ఉండకపోవడమేమిటి! మా చర్చిలో ప్రతి ఆదివారం, ఆ వారం పుట్టినరోజున్న వాళ్లను పాస్టరుగారు ముందుకు పిలిచి ప్రార్థన చేస్తారు. బాప్తిస్మాల పాత రిజిస్టరు చూసి ఆ జాబితా ఒక పుస్తకంలో రాసేది నేను. ఆ పుస్తకం సంచిలోంచి తీసి, పేజీ కూడా తెరిచి కిటికీలోకి తోశాను.

దొర పుస్తకం చూశాడు. మమ్మల్ని చూశాడు. పుస్తకం నాకిచ్చేసి, ఎనిమిది మంది కాగితాలూ ఒక్కటిగా పేర్చి పక్కన పెట్టేశాడు. తేదీల సంగతి తేలేదాకా వీసాలు లేవు.

తిరుగు రైలు గూడూరు జంక్షను దాటింది. అప్పుడు సుగుణ నోరు విప్పింది.

"వదినా, ఆయన అడిగింది నీ తేదీ గదా?"

"రుజువు అడిగినాడు గదమ్మా."

"అడిగితే? ప్రార్థనకు రాసిన పుస్తకంతో మా అందరికీ సమాధి కట్టించినావే! ఈ స్వెట్టరు ఏం చేసుకునేది, రొయ్యలకు కప్పేదా?"

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు మరీ మంచిదై, మా ఊరు దొంగల ఊరైంది.

నెల్లూరులో లాయరు దగ్గర, బడి సర్టిఫికెట్టులోని తేదీయే మా తేదీ అని ఐదుగురమూ ప్రమాణపత్రాలు రాయించి మళ్లీ వెళ్లాం. ఈసారి కిటికీ దగ్గరికి రాగానే సుగుణ నా నోట్లో ఇంత వేరుశనగ చిక్కీ కుక్కింది. దొర ఏదడిగినా తలూపాను. ప్రయాణానికి నాలుగు రోజుల ముందు వీసాలొచ్చాయి.

ఉత్సవంలో కోలాటం బాగానే కుదిరింది. ఆట ముగిశాక, మా పాస్‌పోర్టులు చూసిన నిర్వాహకులు ఐదు కొవ్వొత్తులతో కేకు పట్టుకొచ్చారు. ఆ రోజు జూలై ఒకటి. ఒకావిడ నా భుజం మీద చెయ్యేసి, "ఇవాళే గదా మీ పుట్టినరోజు?" అన్నట్టు అడిగింది.

ఏడుగురూ నావైపు తిరిగారు. సుగుణ కోలాటం కర్ర కొంచెం పైకెత్తింది.

అవునని తలూపి, కొవ్వొత్తి ఊదాను. ఎన్నేళ్లని అడిగితే పాస్‌పోర్టు చూపించాను.

ఇంటికొచ్చాక ఆ పుస్తకం మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను: ఇకమీదట కిటికీ అవతలి మనిషి అడిగితే, ఆయన చేతి కాగితంలో ఏ రోజుంటే ఆ రోజునే పుట్టేస్తాను. పుస్తకంలో మా ఐదుగురికీ రెండో తేదీ కూడా చేర్చాను. పాస్టరుగారు ఏడాదికి రెండుసార్లు మాకోసం ప్రార్థిస్తున్నారు. మిగతావాళ్ల సంగతేమో గాని, నాకు రెండూ అవసరమేనని సుగుణ అంటుంది.