వంక పోరంబోకు

మా ఊరికీ సోమందేపల్లి రోడ్డుకూ నడుమ ఒక వంక ఉంది. ఏడాదిలో చాలా భాగం అందులో ఇసుకే. వాన గట్టిగా పడితే మాత్రం దాటే వీలుండదు. మా పాపకు జ్వరం ముదిరిన రోజు అట్లాగే పారింది. అప్పుడప్పుడే మాటలు వస్తున్న పిల్ల. హిందూపురం ఆసుపత్రికి తీసుకుపోదామని నేనూ నా భర్తా గట్టు మీద నిలబడ్డాం. ఆటో అవతలి ఒడ్డున ఆగి ఉంది. నీళ్లు తగ్గేలోపే పాప నా భుజం మీద పోయింది.

మాది క్రైస్తవ కుటుంబం. మా పేటవాళ్లంతా తాతల కాలం నుంచి ఆ వంక గట్టునే పూడ్చుకుంటారు. పాపనూ అక్కడే పెట్టాం. రాయి కట్టించలేదు. తలవైపు నాటిన కానుగ మొక్క ఆ ఎండాకాలమే చచ్చిపోయింది.

ఆ తర్వాత వంతెన కోసం తిరిగింది నా భర్తే. కూలి మానుకుని పెనుకొండకూ ధర్మవరానికీ అర్జీలు పట్టుకుని పోయేవాడు. ఇంకొకరి బిడ్డకు ఇట్లా కాకూడదని ఆయన పట్టు. ఎన్నో ఏళ్లకు వంతెన మంజూరైంది. ఊరితోపాటు మేమూ సంతోషపడ్డాం. అది సర్వేవాళ్లు వచ్చి సున్నంతో గీత పోసేదాకే. వంతెన ఎక్కే రోడ్డు సమాధుల మీదుగా పోయింది.

పెనుకొండ ఆఫీసులో సర్వేయరు పాత ఊరి పటం బల్ల మీద పరిచాడు. వెనక బట్ట అతికించిన కాగితం, మడతల దగ్గర చిరిగిపోయింది. అందులో బావులున్నాయి, బండిబాట ఉంది, చివరికి గొర్రెలు నీళ్లు తాగే కుంట కూడా ఉంది.

"ఈడ వంక పోరంబోకు అని ఉండాదమ్మా. శ్మశానమని యాడా లేదు," అన్నాడు.

నా భర్త పటం మీద వేలు పెట్టి, "మా పాప ఈడుండాది సార్," అన్నాడు.

సర్వేయరు ఆ వేలు తియ్యమనలేదు. రోడ్డు జరపడం తన చేతిలో లేదనీ, ధర్మవరంలో ఇంజనీరును అడగమనీ చెప్పాడు.

ఆ ఇంజనీరు నా భర్తను ముందునుంచీ ఎరిగినవాడే. పునాదికి కావాల్సిన గట్టి బండ నేల కింద అక్కడే తగిలిందనీ, ఇంకెక్కడికి మార్చినా మంజూరు వెనక్కి పోతుందనీ వివరించాడు.

"ఇన్నేండ్లు అడిగింది నువ్వే గదప్పా. ఆపమంటే ఆపమని రాస్తా. చెప్పు."

నా భర్త నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. ఆపమని ఇద్దరమూ అనలేకపోయాం.

పేటవాళ్లు తమ పెద్దల ఎముకలు తీసి ఊరిబయట ఇచ్చిన జాగాకు మార్చుకున్నారు. రాళ్లున్న సమాధులు తేలిగ్గా దొరికాయి. మాకు గుర్తున్నచోట నా భర్త తవ్వాడు. ఏమీ లేదు. పక్కన తవ్వాడు. అక్కడా ఎర్రమన్నే. పసిబిడ్డల ఎముకలు మట్టిలో నిలవవని పాస్టరు మెల్లగా చెప్పినా ఆయన ఆగలేదు. చివరికి మా అత్త పోయి పార పట్టుకుంది.

"ఇంగ చాలు నాయనా. బిడ్డను ఈడనే ఉండనీ."

ఆయన ఆ గుంతలోనే కూర్చుని ఏడ్చాడు. పాప పోయిన రోజు కూడా ఆయన అట్లా ఏడవలేదు.

వంతెన పూర్తయింది. మొన్న వానల్లో వంక నిండుగా పారుతుంటే పక్కింటి కోడలిని కాన్పుకు దాని మీదే తీసుకుపోయారు. తల్లీబిడ్డా బాగున్నారని మరునాడు పొద్దున ఫోను వచ్చింది. నా భర్త విని, "మంచిదాయె," అన్నాడు. కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసి చెయ్యి కడుక్కుని బయటికి పోయాడు. నేను వెంట పోలేదు.