గెజిటెడ్ సంతకం చెల్లని చోట

పరదేశంలో కారు అద్దెకు తీసుకోవాలంటే ఏ కాగితం చూపించాలో, అన్నీ తెలిసినట్టు మాట్లాడే మనలో ఎంతమందికి తెలుసు? నాకు తెలుసని అనుకున్నాను. మన తరం మగవాళ్లకు అనుకోవడానికీ తెలుసుకోవడానికీ పెద్ద తేడా కనిపించదు.

ఈ సంగతి మళ్లీ లేచింది పక్కింటి అమ్మాయి వల్ల. బ్యాంకులో పనిచేస్తుంది, వచ్చే నెల భర్తతో కలిసి విదేశం పోతోంది, అక్కడ బండి తానే నడుపుతుందట. నేనొకసారి పోయివచ్చినవాణ్ణని నిన్న సాయంత్రం వచ్చి, "తాతా, ఇంటర్నేషనల్ పర్మిట్ ఉంటే చాలదా? లైసెన్సు గూడా ఆడికి ఎత్తుకపోవల్లా?" అని అడిగింది. పర్మిటు తోడు కాగితం మాత్రమేననీ, గడువు తీరని అసలు లైసెన్సు చేతిలో ఉండాలనీ, పాస్‌పోర్టుతో సహా అన్నీ బండి నడిపే మనిషి పేరు మీదే ఉండాలనీ చెప్పి పంపించాను. ఆమె పోయాక ఇల్లు మళ్లీ నిశ్శబ్దమైపోయింది. షెడ్డులో నా కారు ఉంది. వారానికొకసారి స్టార్టు చేసి, కాసేపు ఆ శబ్దం విని ఆపేస్తాను. పోవలసిన చోటేదీ లేదు.

నేనూ మా ఆవిడా బండి నేర్చుకున్నది శింగనమల చెరువులో. నీళ్లు లేని ఏడు అది, గుద్దుకోవడానికి ఏమీ లేకుండా చెరువు అడుగంతా మైదానంలా పరుచుకుని ఉండేది. నేర్పించింది నా బావమరిది, తన పాత జీపు మీద. నేను క్లచ్చు వదిలిన ప్రతిసారీ జీపు ఎగిరిపడి ఆగిపోయేది. మా ఆవిడ మాత్రం రెండో రోజుకే ఈ గట్టు నుంచి ఆ గట్టుకు గీత గీసినట్టు తోలింది. "బావా, నువ్వు మీటింగుల్లో మాట్లాడుకో, బండి అక్క తోలుతాది" అని బావమరిది నవ్వాడు. నేనూ నవ్వాను గాని, లోపల మండింది.

ఆ రోజుల్లో మూఢనమ్మకాల మీద, కులం మీద, ఆడవాళ్లకు జరిగే అన్యాయం మీద ఊరూరా తిరిగి సభల్లో మాట్లాడేవాణ్ణి. అటు యాడికి అనే ఊరు పోయినా, ఇటు కుందుర్పి పోయినా ఆ పాత జీపే. మట్టిదారుల పొడవునా ఆమే తోలేది, ఊరు కనిపించగానే బండి ఆపి సీట్లు మారేవాళ్లం. అలా మారాలని ఎవరూ అనలేదు, అలవాటైపోయిందంతే. నేను స్టీరింగు పట్టుకుని ఊళ్లోకి దిగి, వేదికెక్కి, ఆడా మగా సమానమని గొంతు చించుకుంటుంటే ఆమె జనంలో కూర్చుని వినేది. నేను లైసెన్సు తీసుకునే రోజున ఆఫీసు గుమాస్తా జీపు పక్కన నిలబడ్డ ఆమెను చూసి, "అమ్మకు గూడా అప్లికేషన్ రాసేదా సార్?" అన్నాడు. "ఆమెకెందుకప్పా" అన్నాను. ఆ మాట ఆమెకు వినబడింది.

ఆమె జీవితంలో నన్ను అడిగింది ఒక్కటే. ధర్మవరం పట్టుచీరల దుకాణంవాళ్లు ఇచ్చిన క్యాలెండరులో న్యూజిలాండ్ సరస్సు ఫొటో ఒకటి ఉండేది, నెలలు మారినా ఆ కాగితం తిప్పనిచ్చేది కాదు. "అన్ని నీళ్లు ఒకేచోట ఎట్లుంటాయో చూడాలయ్యా" అనేది. లెక్చరరుగా రిటైరయ్యాక బయలుదేరాం. అసలు లైసెన్సు ఎక్కడ పోతుందోనని బీరువాలో పెట్టి తాళం వేశాను, జిరాక్సు తీయించి, మా కాలేజీ ప్రిన్సిపాల్ చేత ఆకుపచ్చ సిరా సంతకం, గుండ్రటి ముద్ర వేయించుకున్నాను.

"అసలుది ఎత్తుకోయ్యా. ఆ దేశమోళ్లకు మన ప్రిన్సిపాల్ యాడ తెలుసు?" అంది మా ఆవిడ.

గెజిటెడ్ సంతకం విలువ నీకేం తెలుసని గదమాయించాను. ప్రతి బాబానూ రుజువు అడిగినవాణ్ణి, రబ్బరు ముద్ర కనిపిస్తే మాత్రం భక్తుణ్ణి.

అక్కడ కార్లు అద్దెకిచ్చే కౌంటరులోని అమ్మాయి పాస్‌పోర్టు చూసింది, పర్మిటు చూసింది, జిరాక్సును వెలుగుకెత్తి, ఆకుపచ్చ సంతకం మీద వేలు పెట్టి ఈయనెవరని అడిగింది. చెప్పాను. మర్యాదగానే తల అడ్డంగా ఊపి, మా ఆవిడ వైపు తిరిగి, మీకు నడపడం వచ్చా, లైసెన్సు ఉందా అంది. మా ఆవిడ నా వైపు చూడకుండా, "డ్రైవింగ్ ఎస్, లైసెన్స్ నో" అంది. ఇన్నేళ్ల కాపురంలో నా మీద ఆమె బయటివాళ్లకు చేసిన ఫిర్యాదు అదొక్కటే. ఆమెకే లైసెన్సు ఉండి ఉంటే, అసలుదే తెచ్చుకుని ఉండేది.

ఆమె కోరిన సరస్సుకు బస్సు లేదు, టాక్సీ నా పెన్షనుకు అందేది కాదు. ఉన్న మూడు రోజులూ ఆ ఊరి వీధుల్లోనే తిరిగాం. ఆఖరి రోజు వాన పడుతుంటే హోటలు కిటికీ దగ్గర నిలబడి, "ఇవీ నీళ్లే గదా" అంది, నన్ను ఓదార్చడానికి. మళ్లీ పోదామన్నాను. పోదాంలే అంది. రెండేళ్ల కిందట ఆమె పోయింది. ఇప్పుడు అసలు లైసెన్సు ఎప్పుడూ నా జేబులోనే ఉంటుంది, చూపించమనేవాళ్లే లేరు.

కాలం మారింది. పక్కింటి అమ్మాయి భర్తను పక్కసీట్లో కూర్చోబెట్టుకుని అనంతపురం బజారు నడుమ నుంచి పోతుంది, ఎవరూ తల తిప్పి చూడరు. నన్ను కాల్చేది అదే. అప్పుడు మాత్రం జనం ఏమనేవాళ్లు? ఏదో అంటారని నమ్మాను, నమ్మకాలన్నిటినీ పరీక్షకు పెట్టమని ఊరూరా చెప్పిన నేను ఆ ఒక్కదాన్ని ఒక్కసారైనా పరీక్షించలేదు.

మీరు నాలాంటివాళ్ల సభల్లో చప్పట్లు కొట్టినవాళ్లే అయితే, ఇది చదివి తల ఊపి ఊరుకోకండి. మీ ఆవిడను పిలిచి, ఇన్నాళ్లూ నీకెందుకని మీరు తీసిపారేసిన పని ఏదో ఆమెనే అడగండి. రేపు ఆఫీసు తెరిచేసరికి ఆమె పేరుతో దరఖాస్తు వేయించండి. వయసైపోయిందని సాకు చెప్పకండి. ఆమె ఇంకా మీ ఇంట్లోనే ఉంది. లేవండి.