మేకు లేని మడి

జుమాదిల్ కొత్తవాళ్లకి ముందు చెప్పేది తన పేరు కాదు. "నా చేతి పనిలో మేకుండదు" అంటాడు. ఇస్సిక్-కుల్ సరస్సు దక్షిణపు ఒడ్డున, మా ఊళ్లో, ఉన్ని గుడారాలకి చట్రాలు చేసేవాళ్లు చాలామందే ఉన్నారు. మేకు మాటెత్తితే మొహం చిట్లించేది మాత్రం ఆయనొక్కడే. విల్లో కర్ర వంచి, బెజ్జం తొలిచి, అందులో పచ్చి ఎద్దుతోలు దూర్చి ముడేస్తాడు. ఆరేకొద్దీ తోలు బిగుసుకుంటుంది. సొంత ఇంటి తలుపు ఊడితే దాన్నీ అలాగే కట్టాడు. తీసినప్పుడల్లా జీను మీద లావుపాటి మనిషి కూర్చున్నట్టు మూలుగుతుందని భార్య సైరకాన్ ఫిర్యాదు.

ఈ వసంతంలో సైరకాన్ మోకాలు మొరాయించింది. కిందకూర్చుని పని చెయ్యొద్దన్నాడు డాక్టరు. కిటికీ గట్టు నిండా మీగడ డబ్బాల్లో టమాటా నారు, దోస నారు. అప్పటికే సాగి, ఎండకోసం అద్దానికి ఆనుకుని వాలిపోతున్నాయి.

"ఏమయ్యా, నాకు నడుమెత్తు మడి కావాలి. చెక్క పెట్టెలాంటిది. నిలబడి నాటుకుంటా" అంది.

"చేస్తాలే."

"నారు ముసలిదైపోతోంది. నీకు కుదరకపోతే తోక్తోసున్‌ని పిలుస్తా. వాళ్లింట్లో మడి ఒక్క పూటలో అయిపోయింది."

"పక్కింటోడి మేకులు నా గుమ్మం దాటి రావడానికి వీల్లేదు!"

అలా మొదలైంది. గుడారానికి మూలలుండవు కాబట్టి మడికీ మూలలు పెట్టలేదు జుమాదిల్. పలకలు గుండ్రంగా నిలబెట్టి, తోలుతో అల్లి, గుడారం కర్రలకి వేసే ఎర్ర రంగే వేశాడు. అందంగా ఉందని ఒప్పుకోవాలి. తోక్తోసున్ కంచె మీద మోచేతులు ఆన్చి చాలాసేపు చూశాడు.

"అన్నా, పైకప్పెప్పుడు? కొత్త కోడల్ని ఇందులోనే దించుతారా?"

"నీ పెట్టెకన్నా నయమేరా. దాన్ని చూస్తే శవాన్ని దించేలా ఉంది."

పేడమట్టి నింపారు. సైరకాన్ నిలబడే నారంతా నాటి, తృప్తిగా తొట్లకొద్దీ నీళ్లు పోసింది. రోజూ పోసింది. దానికి తోడు ఒక సాయంత్రం వాన పట్టుకుంది.

జుమాదిల్ తోలుకి ఇన్నేళ్లలో తడి తెలీదు. గుడారం మీద ఎప్పుడూ ఉన్ని ఉంటుంది. మడి మీద ఎవరు కప్పుతారు? తోలు నీళ్లు తాగి మెత్తబడింది. మెత్తబడిన ఎద్దుతోలు వాసన వాళ్ల కుక్క అక్తోష్ ముక్కుకి తగిలింది.

తెల్లారేసరికి మడి ఒక పక్క తలుపులా తెరుచుకుని ఉంది. మట్టి ముద్దలు ముద్దలుగా బయటికి జారింది. నారు వేళ్లు పైకి పెట్టుకుని పడుంది. అక్తోష్ నోట్లోంచి తోలుముక్క వేలాడుతోంది. అది తోకాడిస్తోంది.

సైరకాన్ తిట్టలేదు. జుమాదిల్‌కి భయమేసింది అందుకే.

"కుక్కని తప్పుపట్టకు అన్నా. విందు పెట్టింది నువ్వే" అన్నాడు తోక్తోసున్, కంచె అవతల్నుంచి. అంటూనే సుత్తి, డబ్బాడు మేకులు కంచె మీద పెట్టాడు.

జుమాదిల్ వాటికేసి చూశాడు. నారుకేసి చూశాడు. ఎండ పైకొస్తోంది, వేళ్లు ఆరిపోతున్నాయి. వెళ్లి డబ్బా తీసుకున్నాడు.

ఊరంతా ఉస్తా, అంటే పనిలో ఆరితేరినవాడు, అని గౌరవంగా పిలిచే మనిషికి మేకు కొట్టడం రాదని అప్పుడే తెలిసింది. మొదటిది వంగింది. రెండోది ఎగిరి ఎక్కడో పడింది. మూడోసారి బొటనవేలు దొరికింది.

"నా మొహం కాదు, మేకు తల చూడు" అంది పలక పట్టుకున్న సైరకాన్. "మెల్లిగా. ఊఁ, ఇప్పుడు గట్టిగా."

తోక్తోసున్ కూడా దూకి వచ్చి మట్టి ఎత్తిపోశాడు. దోస నారు బతకలేదు. టమాటాలు రెండ్రోజులు అలిగి, ఆ తర్వాత లేచాయి.

ఎండలు ముదిరాక ఒకనాడు వాళ్లింటికి టీకి వెళ్లాను. పళ్లెం నిండా టమాటా ముక్కలు. పక్క ఊరి నుంచి చట్రం బేరానికొచ్చిన మనిషితో జుమాదిల్ మామూలు మాటే చెబుతున్నాడు.

"నా చేతి పనిలో మేకుండదు."

ఆ మనిషి పెరట్లోకి వేలు చూపించాడు. "మరి ఆ ఎర్రదాంట్లో మేకు తలలు కనబడుతున్నాయే?"

"అది నేను చేసింది కాదు, సైరకాన్ చేసింది" అన్నాడు జుమాదిల్, తొణక్కుండా. "నేను సుత్తి పట్టుకున్నానంతే."

"అందుకే నిలబడింది" అంది సైరకాన్, టీ పోస్తూ.