గోడలు లేని దర్వాజలు

"దర్వాజ ఎత్తి ఏడాదాయె, గోడ లేవకపాయె. మీ అన్న ఇంట్ల ఇంకెన్నొద్దులు పడుండాలె? గిప్పుడు కోట చూడవోవుడే తక్కువైందా?" అంది అమ్మ.

"పొద్దస్తమానం గోడ, గోడ అంటవేందే? పిల్ల అడిగింది. జర సూపిచ్చుకొద్దాం పా," అన్నాడు బాపు.

మొన్న మనవరాలు ఫోన్‌లో ఓరుగల్లు కోట చూపిస్తే, ఖర్చు లేని పనే కదా అని చూశాను. నా చిన్నప్పటి ఆ కొట్లాట గుర్తొచ్చింది. కోట చూస్తానని అడిగిన ఆ పిల్లను నేనే.

మా వైపు ఇల్లు కట్టేవాళ్లు ముందు దర్వాజ, అంటే ద్వారబంధం, నిలబెట్టి, పసుపు కుంకుమ పెట్టి, ఆ తర్వాతే గోడలు లేపుతారు. కోటలో నాలుగు దిక్కులా రాతి తోరణాలున్నాయి. వాటి పక్కన గోడల్లేవు, పైన కప్పు లేదు. ఆ రోజు ఎండకు కాలిన ఆ రాయి మీద చెయ్యి పెట్టి అడిగాను.

"బాపూ, రాజులు గూడ మనలెక్కనే దర్వాజలెత్తి ఇడిసిపెట్టిన్రా? గోడలెప్పుడు కడ్తరు?"

"అడుగు బిడ్డా, మంచిగ అడుగు!" అని అమ్మ పకపకా నవ్వింది. బాపు నవ్వలేదు.

కట్టినవన్నీ కూలిపోగా మిగిలినవే ఆ తోరణాలని ఆయనకు తెలుసు. ఆ మాట చెప్పి తప్పించుకోవచ్చు. చెప్పలేదు.

తెల్లారి నేను లేచేసరికి బాపు పంచె ఎగ్గట్టి గోడకని మన్ను తొక్కుతున్నాడు. అమ్మ నీళ్లు పోస్తోంది.